మేకుకు మిగిలిన బిళ్ళ

అలసిపోయి వచ్చిన మనిషి కోసం ఆటలో ఒక చిన్న అబద్ధం ఆడితే తప్పా? ఆండర్సన్‌పేట నాగరత్న గుర్తుకొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఈ రోజుకీ జవాబు దొరకలేదు.

నాగరత్నకు యాభై రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా మాలూరులో ఒక ఫ్యాక్టరీకి రైల్లో వెళ్ళి వస్తోంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పురుషోత్తమ్ మాస్టారి ట్యూషన్ గదిలో చాప మీద కూర్చుంటుంది. ఆమెతోపాటు ఆటో నడిపే సునీల్‌కుమార్, నర్సు సవిత. మాస్టారు గుహలూ రాక్షసులూ ఉన్న కథ చెబుతుంటే వీళ్ళు తలా ఒక వీరుడై అందులో నడుస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నాగరత్న వీరురాలు గొడ్డలి పట్టిన గంగులమ్మ. ఆ పేరు వాళ్ళ అవ్వది. ఆరేళ్ళుగా ఈ గంగులమ్మ ఆటలో చావకుండా నెట్టుకొస్తోంది.

మాస్టారు పెట్టిన నియమాలు రెండే. పాచికను అందరూ చూశాకే తీయాలి. రెండోది ఊళ్ళోని పాత బంగారు గని నుంచి వచ్చింది. నాగరత్న తండ్రి పాపన్న గనిలోకి దిగే ముందు తన ఇత్తడి బిళ్ళను మేకుకు తగిలించేవాడు, పైకొచ్చాక తీసుకునేవాడు. ఇక్కడా అంతే. ఆట మొదట్లో బిళ్ళ తగిలించాలి, చివర్లో తీసుకోవాలి. వీరుడు చస్తే బిళ్ళ మేకుకే ఉండిపోతుంది.

ఆ ఆదివారం ఆమె గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

“ఏమక్కా, రైల్లో సీటు దొరకలేదా?” అన్నాడు సునీల్‌కుమార్.

“రైల్లోది పోతే పోయిందప్పా. ఫ్యాక్టరీ లైన్‌లో నా స్టూలే పీకేసినారు. పదేండ్లు దాటినోళ్ళకి కూర్చునే పని అని రూల్ ఉండాది గదా. సూపర్‌వైజర్ మరదలు వచ్చినాది, రూల్ మారిపోయినాది.”

“రేపు గంగులమ్మ గొడ్డలి ఎత్తుకొనిపో.”

“ముందు ఈ మోకాలు లేస్తే గదా.”

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

సాయంత్రానికి గుహ చివర రాక్షసి గంగులమ్మ మీద పడింది. “ఇరవై పడితే ఇంగ ఆమె లేదు” అంటూ మాస్టారు పాచిక వేశారు. అది దొర్లి, చెంబుకు తగిలి, ఆయన పంచె పక్కన ఆగింది. మిగతావాళ్ళు వంగి చూసేలోపే తీసేశారు.

“నాలుగు. తప్పించుకున్నావమ్మా.”

సవిత చప్పట్లు కొట్టింది. నాగరత్న కూర్చున్న చోటికి ఇరవై స్పష్టంగా కనిపించింది.

“ఎంత పడినాది సార్?”

“చెప్పినా గదమ్మా, నాలుగు.”

“అందరూ చూసినంక గదా తీయాల్సింది.”

“పోనీలేమ్మా. ఈ వారం నీకు తగిలిన దెబ్బలు చాలవా?”

ఆమెకు కోపం రాలేదు. అంత ఓపిక కూడా లేదు. తన స్టూలు కూడా ఇలాగే, ఎవరి మీదో ఎవరికో కలిగిన దయతోనే పోయింది. ఆరేళ్ళలో గంగులమ్మ దాటిన గుహలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వాటిలో ఎన్నిసార్లు పాచిక నిజంగా తన వైపు పడిందో ఇక తెలిసే దారి లేదు.

ఆట ముగిసింది. సునీల్‌కుమార్, సవిత తమ బిళ్ళలు తీసుకున్నారు. మేకుకు ఒకటి మిగిలింది.

“అక్కా, నీ బిళ్ళ మర్చిపోయినావు.”

నాగరత్న చెప్పులు వేసుకుంది. గోడ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగింది. పోయొస్తానని ఎవరితోనూ అనలేదు.