నా జానెడు, ఆయన జానెడు

స్కూటీ మీంచి పడ్డాక నా ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. నడుస్తాను, వంట చేస్తాను, మెల్లగా మెట్లెక్కుతాను. పొలం దాకా నడవడం మాత్రం నా వల్ల కాదు. మాది గద్వాల వైపు ఊరు, సీడు పత్తి వేస్తాం. పొద్దున పూలు విచ్చుకునే వేళకు చేలో ఉండి, ఒక రకం పువ్వు పుప్పొడి ఇంకో రకం పువ్వుకు చేత్తో అద్దే క్రాసింగు చేయించాలి, ఎండ ముదిరితే ఆ రోజు పూలు దండగ. ఆ పని ఏళ్ళ తరబడి నాదే. కూలికొచ్చే ఆడవాళ్ళలో ఎవరి చెయ్యి నెమ్మదో, ఎవరు మాటల్లో పడి పువ్వు విరిచేస్తారో నాకు తెలుసు, మా ఆయనకు తెలియదు. అయినా పడ్డ దగ్గర నుంచి చేనికి పోవాలంటే ఆయన బైకు వెనక ఎక్కాల్సిందే, దానికి ముందు ఆయన్ను అడగాల్సిందే. "వస్త తియ్" అంటాడు. ఆ వచ్చేది ఎప్పుడో ఆయనకే తెలియదు.

అందుకే వనపర్తిలో ఒకాయన సగం బిగించి విసుగొచ్చి అమ్మేస్తున్న కిట్టు కారు తెచ్చుకున్నాం. కారంటే ఇనుప పైపుల చట్రం, నాలుగు చక్రాలు, బ్యాటరీ మోటారు, స్టీరింగు, ఒక బస్తా నిండా నట్లూ బోల్టులూ. రోడ్డెక్కడానికి కాగితాలు లేవు కానీ పొలం బాటకు కాగితాలెవరు అడుగుతారు? క్లచ్చు లేదు, గేర్లు లేవు, కుడికాలు ఒక్కటి బాగుంటే చాలు. ఇది నా కోసమని ఇంట్లో అనుకున్నాం. అనుకున్నామని నేను అనుకున్నాను.

ఊరి బయట వెల్డింగు షాపులో బిగించే రోజు మా ఆయన ఒక్కడే పోయాడు. సాయంత్రం బండి ఇంటికొచ్చింది. ఎక్కి కూర్చుంటే నా బొటనవేలు బ్రేకుకు అందలేదు. ఆయన ఆరడుగులకు కాస్త తక్కువ, నేను అయిదుకే తక్కువ.

"తోలెటోడు కూసోని చూడాలె గద, నేను కూసున్న" అన్నాడు.

"తోలేది నేను."

"నువ్వు గూడ తోలుతవు. ఎనక దిండు పెట్టుకో."

పెట్టుకున్నాను. బ్రేకు తొక్కితే బండి ఆగలేదు, దిండు నలిగి నేనే వెనక్కి పోయాను. కాలువ గట్టుకు తగిలి ఆగిన బండిలోంచి దిగి, ఆ దిండును తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను. నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

మా దిక్కున కొలతంటే టేపు ఎవరూ తియ్యరు. చీర అంచైనా, సాలుకూ సాలుకూ మధ్య ఎడమైనా, మూర, జానెడు, బెత్తెడు అంతే. నేను సీట్లో కూర్చుని బ్రేకుకూ నా కాలికీ మధ్య ఎంత కావాలో చెయ్యి చాపి చూసుకున్నాను. సరిగ్గా జానెడు. వెల్డింగాయనకు ఫోన్ చేశాను.

"అన్నా, సీటు జానెడు ముంగటికి జరపాలె."

"జానెడే గద చెల్లె, పంపియ్యి, చేస్త."

చేశాడు. తన జానెడు చేశాడు. ఆయనది చేటంత చెయ్యి. ఈసారి బ్రేకు అందింది కానీ స్టీరింగు వచ్చి డొక్కల్లో గుచ్చుకుంది, మలుపు తిప్పడానికి మోచేతులకు చోటు లేదు. నేనే షాపుకు పోయి, పైపు మీద ఆయన చెయ్యి పెట్టించి, పక్కన నా చెయ్యి పెట్టాను. మూడు వేళ్ళ తేడా.

వెల్డింగాయన రెండు చేతుల్నీ మార్చి మార్చి చూశాడు. "జానెడంటే జానెడే అనుకుంటి" అన్నాడు. తప్పు నాదే అన్నట్టు చూశాడు. కొంత నాదే, ఒప్పుకుంటాను.

మళ్ళీ కోశారు. ఇద్దరికీ సరిపోవాలని మా ఆయన పట్టుబట్టాడు. సీటు కింద రెండు పట్టాలు పెట్టి, వాటికి రంధ్రాలు పొడిచి, ముందు రంధ్రం నాకు, వెనక రంధ్రం ఆయనకు అన్నారు. పిన్ను తీసి, సీటు జరిపి, పిన్ను పెట్టాలి. చక్కగా ఉందని నేనూ సంతోషపడ్డాను. ఆ పిన్ను సీటు అడుగున ఉందనీ, గొంతుక్కూర్చుంటే తప్ప చెయ్యి అందదనీ, నేను గొంతుక్కూర్చోలేననీ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

సాయంత్రం ఆయన బండి తీసుకుపోయి ఏవో సామాన్లు తెచ్చి, సీటును వెనక రంధ్రంలోనే వదిలేసేవాడు. "జర ముంగటికి జరిపి పెట్టరాదు" అన్నాను ఒకరోజు. "అడిగితె జరపనా? అడుగు" అన్నాడు. అడగకుండా పోవడానికే కదా ఈ బండి. ఆ మాట ఆయనకు ఎన్ని రకాలుగా చెప్పినా ఎక్కలేదు.

ఒకనాడు తెల్లవారకముందే నాగర్‌కర్నూల్లో వాళ్ళక్క ఇంటికి పోయాడు. సీటు వెనక రంధ్రంలోనే ఉంది. ఫోన్ ఎత్తలేదు. కర్ర పెట్టి పిన్ను పొడిచాను, పడుకుని చెయ్యి దూర్చాను, మోచెయ్యి గీరుకుపోయింది. ఎదురింటామె బోరు దగ్గర్నుంచి తిరిగొచ్చి సీటు జరిపేసరికి ఎండ ముదిరింది. చేలో ఆడవాళ్ళు నా కోసం చూసి చూసి గట్టు మీద కూర్చున్నారట. వాకిట్లో నిలబడి ఏడ్చాను. మోకాలు నొప్పికి కూడా నేను అంత ఏడవలేదు.

చేనికి పోలేదు, బండిని తిన్నగా వెల్డింగు షాపుకు పోనిచ్చాను.

"అన్నా, సీటు గిడనే అతికెయ్యి. పట్టాలు వద్దు, పిన్ను వద్దు."

"మరి మీ ఆయన ఎట్ల కూసుంటడు?"

"ఆయన మోకాళ్ళు వంగుతయి" అన్నాను.

వెల్డింగాయన అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని పని మొదలుపెట్టాడు.

రాత్రి మా ఆయన కోప్పడ్డాడు. మర్నాడు పొద్దున బైకు మీద నిలవని రెండు ఎరువు బస్తాలు చేనికి చేర్చాల్సి వచ్చింది. బస్తాలు బండిలో వేసుకుని ఎక్కబోయాడు, మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. దిగాడు. కాసేపు బండి చుట్టూ తిరిగి, గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బస్తాలు చేనికి పోవాలె" అన్నాడు.

నేను టీ వడపోస్తూనే ఉన్నాను.

"జర తీస్కపోతవా?" అన్నాడు, నేల చూస్తూ. ఆ ఒక్క మాటకు ఆయన ముఖం మెడ దాకా ఎర్రబడింది. రోజూ పొద్దున నాకెట్లా ఉండేదో అప్పుడు ఆయనలో చూశాను.