ఇటుక ఆగే చోటు

కొంపల్లిలో మా ఇంటి మీద ఒక గది వేయించుకుంటున్న రోజులవి. ఏళ్ల తరబడి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పీ చెప్పీ నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి తప్పు పట్టకుండా ఉండలేను. దీనికి మందు లేదని మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది.

రావల్కోల్ నుంచి భార్యాభర్తలిద్దరు పనికి వచ్చేవారు. ఆమె వాకిట్లో నిలబడి ఇటుక పైకి విసిరితే, అతను స్లాబు అంచున మోకాళ్ల మీద కూర్చుని అందుకునేవాడు. కానీ ఆమె విసిరే ఇటుక అంచుదాకా వచ్చేది కాదు. అతను ప్రతిసారీ వంగి, చేతులు కిందికి చాచి పట్టుకోవాల్సి వచ్చేది. నాకు చిరాకేసింది.

"ఇంకాస్త గట్టిగా వెయ్యమ్మా. ఆయన వంగలేక చస్తున్నాడు" అన్నాను.

ఆమె మళ్లీ అలాగే విసిరింది. నేను ఊరుకుంటానా? మేస్త్రికి ఫోన్ చేసి, ఈమెకు విసరడం చేతకావడం లేదని చెప్పేశాను. వచ్చి చూస్తానన్నాడు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అతను పైన కునుకు తీస్తుంటే, ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సారూ, ఆయిన మొన్న బండి మీదికెళ్లి కింద పడ్డడు. కుడి భుజం పట్టేసింది. జోరుగ ఏస్తే ఇటుక పోటు భుజానికి తగుల్తది. పైకి పోయినంక అది జరంత సేపు ఆగుతది గద, గక్కడ ఆయిన చేతులుండాలె. అప్పుడు పోటుండది. మేస్త్రికి ఎర్కయితే కూలీల అడ్డా మీదికెళ్లి ఇంకొకన్ని తెస్తడు. మాకు ఇగ పనుండది."

నేనేం చేశానో అప్పుడు తెలిసింది. మేస్త్రి అప్పటికే బయలుదేరాడు.

మళ్లీ పని మొదలైంది. పైకి విసిరిన వస్తువు వేగం తగ్గుతూ పోయి, చివర సున్నా అవుతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. ఆ సున్నాని కళ్లతో చూడటం అదే మొదటిసారి. ఇటుక పైకి వెళ్లి, అతని అరచేతుల మధ్య రెప్పపాటు నిలబడేది. పోవడం అయిపోయింది, రావడం ఇంకా మొదలవలేదు. అతను చేతులు దానికి ఆనించేవాడు, అంతే. మళ్లీ ఇంకొకటి, మళ్లీ అదే చోట. ఒక్కటీ జానెడు పైకి పోలేదు. ఇన్నేళ్లూ నేను చెప్పిన పాఠం ఇంత అందమైనదని నాకే తెలియదు.

మేస్త్రి రానే వచ్చాడు.

"గంత మెల్లగ ఏస్తే పని ఎప్పుడైతది? గిట్ల ఎయ్యాలె" అంటూ ఒక ఇటుక తీసుకుని బలంగా విసిరాడు. అది పైన ఆమె భర్త చేతుల్లో ఫట్‌మని పడింది. అతను పళ్లు బిగబట్టి నవ్వాడు. ఆమె పైకి చూడలేదు, నావైపు చూసింది.

"నాదే పొరపాటు మేస్త్రీ. నాకు ఈమె వేసినట్టే కావాలి. ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు" అన్నాను.

"మీ ఇల్లు, మీ ఇష్టం సార్" అని మేస్త్రి వెళ్లిపోయాడు.

ఆమె కొంగుతో అరచేతులు తుడుచుకుని ఇటుక తీసుకుంది. ఈసారి అతను ఎడమచెయ్యి ఒక్కటే చాచాడు. ఆమె క్షణం చూసి విసిరింది. ఇటుక వెళ్లి ఆ ఒక్క అరచేతి మీద చప్పుడు లేకుండా ఆగింది.