బావగారి తనిఖీ

బావగారికి ఒకటే జబ్బు. కంప్యూటరు ఆన్ చేయగానే, ఎవరూ పిలవకుండా, తనంతట తాను లేచి కూర్చునే ప్రోగ్రాం ఎక్కడున్నా సరే, దాన్ని ఆపేదాకా ఆయనకు ముద్ద దిగదు.

ప్రెస్సు యజమానికి ఆయన స్వయానా అక్క మొగుడు. ఆ లెక్కన టైపిస్టుకూ, బైండరుకూ, ఆఖరికి ఆయనకన్నా పెద్దవాడైన కటింగ్ తాతకూ కూడా బావగారే. టికెట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యారు. రైలు దిగారు గాని టికెట్ అడగడం మానలేదు.

ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా, డాక్టరుగారి కంప్యూటరు వైపు వేలు చూపిస్తూ "దింపండి, దింపండి" అని మూలిగారట. నొప్పి కాబోలనుకుని డాక్టరు ఇంకో సూది పొడిచాడు.

"బావా, మా కంప్యూటర్లు లేచేసరికి నా టీ అయిపోతోంది" అన్నారు యజమాని ఓ రోజు.

"ఎందుక్కాదూ? బండినిండా టికెట్ లేనివాళ్ళే. రేపొస్తా!"

అది విని టైపిస్టు కంగారు పడింది. కొంతకాలంగా ఆమెకు చూపు ఆనడం లేదు. తెరమీది అక్షరాలను పెద్దవి చేసే భూతద్దం ప్రోగ్రాం ఒకటి, ఆన్ చేయగానే వచ్చేలా పెట్టుకుని నెట్టుకొస్తోంది. ఎవరి కంటా పడకుండా మూలసీటు అడిగి తీసుకుంది. కళ్ళు సరిగా లేవని ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని యజమాని ఇంటికి పంపి ఎన్నాళ్ళో కాలేదు మరి.

మర్నాడు బావగారు వేంచేశారు. ఒక్కో కంప్యూటరులో స్టార్టప్ జాబితా తెరిచి విచారణ మొదలెట్టారు.

"ఏమయ్యా పాటల ప్రోగ్రామూ, టికెట్టేదీ? దిగు! వాతావరణం చెప్పేది నువ్వా? మాకు కిటికీ ఉంది. దిగు!"

బైండరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. టైపిస్టు మాత్రం లేచి అడ్డం నిలబడింది.

"నాది బాగానే లేస్తోంది బావగారూ. చూడక్కర్లేదు."

"చూడక్కర్లేదన్నవాళ్ళ పెట్టెలే నేను ముందు చూసేవాణ్ణమ్మా. జరుగు."

జాబితాలో భూతద్దం దగ్గర ఆయన వేలు ఆగింది. మూలసీటు చూశారు. ఆమె చికిలించిన కళ్ళు చూశారు.

"ఏం బావా, దొరికాడా దొంగ?" యజమాని వెనకనుంచి తొంగిచూశారు.

"దొంగేవిటి నీ మొహం! ప్రెస్సు మొత్తానికి పద్ధతిగా పనిచేస్తున్నది ఈ అమ్మాయొక్కతే. అక్షరం ఇంత పెద్దగా కనిపిస్తే అచ్చుతప్పు ఎక్కడ దాక్కుంటుందోయ్? రేపట్నుంచి అన్ని మిషన్లకూ ఇదే!"

"దానంతటదే లేచే ప్రోగ్రాం... నువ్వు పెడతావా?"

"పెడతా. నీ గదిలోదానికి కూడా."

పెట్టారు. ప్రెస్సంతా గుమ్మడికాయలంత అక్షరాలు.

"ఒక్క 'క'కే తెర నిండిపోయింది బావగారూ!" బైండరు గోల.

"నిండనీ. ఎప్పుడైనా 'క' అంత అందంగా ఉంటుందని గమనించావా?"

వారం తిరక్కుండానే బైండరు యజమాని గదికి ఫిర్యాదు మోసుకెళ్ళాడు. టైపిస్టు చేతిలో పని ఆపి చెవులు రిక్కించింది.

"సార్, ఆ భూతద్దం తీయించెయ్యండి. చచ్చిపోతున్నాం."

"ఎవరైనా దానిమీద చెయ్యివేశారో, ఊరుకోను! పో, పని చూసుకో."

బైండరు మొహం వేలాడేసుకుని బయటికి నడిచాడు. యజమాని గుమ్మం దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, టైపిస్టుతో గొంతు తగ్గించి అన్నారు:

"కళ్ళు బాగున్నవాళ్ళకేం తెలుస్తుందమ్మా! ఇన్నాళ్ళూ నాకు మాత్రం ఏం కనిపించి ఏడ్చింది గనక?"