గొడుగు గుడ్డలో కుట్టుపిన్ని

రెండువేల పదకొండవ సంవత్సరం, జూన్ నెల పద్నాలుగవ తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నది గాని, వాన కురిపించే ఉద్దేశం దానికి ఏ కోశానా ఉన్నట్లు లేదు. గాలి స్తంభించినది. కట్టిన బట్ట వీపుకు అతుక్కునే ఉక్కపోత. ఆ సమయంలో, బిగుతైన జాకెట్టు ఒకటి చేతపట్టుకొని, ఆ వీధిలో కొత్తగా దిగి సాయంత్రాలు పిల్లలకు ప్రైవేటు చెప్పుకునే నేను మొదటిసారి కుట్టుపిన్ని కొట్టులో అడుగుపెట్టాను.

ఆమె అప్పటికి అరవైకి రెండేళ్ళ దూరంలో ఉన్నది. మనిషి పొట్టి, వెడల్పు విషయంలో మాత్రం ప్రకృతి ఏ పిసినారితనమూ చూపలేదు. కుడికాలు మిషను తొక్కుడుబిళ్ళ మీద, ఎడమకాలు తలగడ పరచిన పీట మీద, పెదవుల నడుమ గుండుసూదులు, ఆ సూదుల సందుల్లోంచి ఏ ఆటంకమూ లేకుండా జారిపడే మాటలు.

“కాస్త వదులు చెయ్యాలమ్మా,” అన్నాను.

ఆమె టేపు నా చుట్టూ తిప్పి, అంకె చూసి, ముఖంలో ఏ భావమూ కనబడనీయకుండా టేపు చుట్టేసినది. “మీరేం లావవలేదండీ పంతులమ్మగారూ. గుడ్డే కుంచించుకుపోయింది.”

ఆ వీధిలోని స్త్రీలందరికీ ఆమె ఇచ్చే తీర్పు ఇదేనని తరువాత తెలిసినది. అక్కడ గుడ్డలు ఏటేటా కుంచించుకుపోయేవి. మనుషులు మాత్రం ఎన్నడూ లావయ్యేవారు కారు. అందరి కొలతలూ ఆమె నోటికి వచ్చు; ఒకరివి మరొకరికి చెప్పిన పాపాన పోలేదు. అందుచేతనే ఆమెను అందరూ ప్రేమించేవారు, కొంచెం భయపడేవారు కూడా.

కొట్టు కింద, కాపురం పైన. రెంటికీ నడుమ ఇరుకైన నిట్టనిలువు మెట్లు. పిన్ని ఎడమ మోకాలు ఏడాదిగా మొండికేసినది. పొద్దుటే ఆమె పసిపిల్లలా ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుంటూ, జరుగుతూ దిగేది. గుండీలూ కాజాలూ కుట్టే భర్త, వీధి వారికి గుండీల బాబాయి, రెండు చేతులూ చాచి ఆమెకు ముందుగా వెనక్కి వెనక్కి దిగేవాడు.

“నామీద పడితే ఇద్దరం పోతామే,” అనేవాడు.

“నువ్వు కింద మెత్తగా ఉంటావనేగా ముందు దింపుతున్నాను!”

వైద్యుడు చెప్పినది స్పష్టమే. వాడని కీలు బిగిసిపోతుంది, ఇలాగే కూర్చుంటే రెండో మోకాలు కూడా దాని దారే పడుతుంది. రోడ్డు మీద నడిస్తే నొప్పి ఎక్కువవుతుంది కనుక రొమ్ములోతు నీటిలో రోజూ నడవమన్నాడు. బాబాయి ఆలోచన వేరు.

“వచ్చే నెలాఖరుకి కొట్టు మూసేద్దామే. హాయిగా పైన కూర్చో. అన్నీ నేనే తెచ్చిపెడతా,” అన్నాడు నా ఎదుటనే.

“అదేనయ్యా నా భయం. పొద్దస్తమానం నీ మొహమే చూస్తూ కూర్చోవాలా?”

అందరం నవ్వాము. కాని ఆ మాట అనడానికి ఆమె నోట్లోని సూదులు తీసి పక్కన పెట్టినది. ఆమె అత్తగారు కూడా అలాగే ఒకనాడు విశ్రాంతికని పైకెక్కి, మరి దిగలేదు. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క కిటికీ పక్కింటి గోడను చూస్తుంది.

సందు చివర ఈతకొలను ఉన్నది. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు స్త్రీల గంట. ఎండ నెత్తి మాడ్చే ఆ వేళకు స్త్రీలెవరూ రారని ఎరిగి కేటాయించిన గంట అది. బట్టలు కొలిచే గజంబద్దను ఊతకర్రగా చేసుకొని పిన్ని మరునాడే అక్కడికి చేరినది. నేను తోడు వెళ్ళాను. లోపల ఈత నేర్పే అమ్మాయి ఒక్కతే కూర్చుని ఆవలిస్తున్నది.

“ఇంట్లో కట్టుకునే బట్టలతో దిగకూడదు ఆంటీ. దారాలూడి నీళ్ళ ఫిల్టరుకి అడ్డం పడతాయి. ఇదిగో, ఇలాంటిది వేసుకోవాలి,” అని ఒక ఈతదుస్తు చూపినది.

పిన్ని దానిని రెండు వేళ్ళతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసినది. “ఇది పూర్తయిందా తల్లీ, ఇంకా కుట్టాల్సింది ఉందా?”

“అంతే ఆంటీ.”

“ఆంటీ అనకు, పిన్నీ అను. ఇంత గుడ్డతో మా వీధిలో ఒక్కతి కూడా నీళ్ళలో కాలు పెట్టదు.”

“అందుకే ఎవరూ రావడం లేదు పిన్నీ. వచ్చే నెలాఖరుదాకా చూసి, ఎవరూ ఈత కొట్టకపోతే ఈ గంట మగపిల్లల టీముకి ఇచ్చేస్తామన్నారు మేనేజరుగారు.”

దగ్గరలో వేరే కొలనులేవీ లేవు. ఈ గంట పోతే పిన్నికి మిగిలేది పైగది కిటికీయే. ఆమె ఇంటికి వచ్చి, మూడు రోజులు గుడ్డ గురించి ఆలోచించినది.

ఆమె తర్కం దర్జీ తర్కం. తడిసిన గుడ్డ ఒంటికి అతుక్కుంటుంది. అతుక్కుంటుందనే ఆడవాళ్ళకు సిగ్గు. కనుక తడవని గుడ్డతో కుడితే సిగ్గు సమస్యే ఉండదు. గొడుగులు బాగుచేసేవాని వద్ద పడి ఉన్న నల్లని గుడ్డ థాను మొత్తం తెప్పించినది. మెడ నుంచి మడమ దాకా ఒకే దుస్తు. లోపలికి చుక్క నీరు పోకుండా మెడకూ, మణికట్లకూ, చీలమండలకూ గట్టి ఎలాస్టిక్కు. కొలతలు ఎటూ నోటికి వచ్చు కాబట్టి వీధిలోని స్త్రీలకు వారి ప్రమేయం లేకుండానే తలా ఒకటి కుట్టేసినది.

వారిని కొలను దాకా రప్పించడానికి ఆమె అనుసరించిన పద్ధతిని నేను సమర్థించను, వర్ణిస్తాను. కుట్టడం పూర్తయిన బట్టలన్నీ మూటగట్టి కొలనుకు చేరవేసి, కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ ఒకే మాట చెప్పినది.

“మీ జాకెట్టా? తయారుగా ఉందమ్మా. మూడింటికి ఈతకొలనుకొచ్చి తీసుకో.”

“అక్కడెందుకు పిన్నీ?”

“ఇక్కడైతే ఎలకలు.”

ఆ మధ్యాహ్నం కొలను గట్టు నిండిపోయినది. జాకెట్టు అడిగిన ప్రతివారి చేతిలోనూ పిన్ని ముందు నల్లదుస్తు పెట్టినది; అది తొడుక్కొని నీటిలో దిగితేనే జాకెట్టు. వచ్చినవారిలో సాక్షాత్తూ మేనేజరుగారి భార్య ఉన్నది. “మా ఆయనకి చెప్పకండే బాబూ, ఈతొచ్చాక నేనే చెప్తా,” అని అందరినీ బతిమాలినది. మేనేజరుగారు మెడలో ఈల వేసుకొని తిరిగే పెద్దమనిషి. ఆయన నీళ్ళలో దిగగా చూసినవారు లేరు. జిరాక్సు కొట్టులో పనిచేసే అమ్మాయి కూడా వచ్చినది. చిన్ననాడు పోలియో సోకి ఆమె ఎడమకాలు సన్నబడినది. ఎప్పుడూ బల్ల వెనుకనే కూర్చుని ఉండడం చేత ఆ సంగతి వీధిలో సగం మందికి తెలియదు. తెలియనీయకుండా ఆమె జాగ్రత్తపడేది. బళ్ళో ఆటల వేళ అందరి సంచులకూ కాపలా పెట్టిన పిల్ల ఆమె. పిన్ని బలవంతం మీద నల్లదుస్తు తొడుక్కొని గట్టున కూర్చున్నది.

“నేను చూస్తాలే పిన్నీ. మీ సంచులు నా దగ్గర పెట్టండి,” అన్నది అలవాటుగా.

పిన్ని అందరికంటె ముందు, కమ్మీ పట్టుకొని, గంభీరంగా నీటిలోకి దిగినది. రొమ్ములోతు దాకా వచ్చేసరికి ఒక వింత జరిగినది. నీరు లోపలికి రాకుండా కుట్టిన దుస్తులోంచి గాలి బయటికి పోవడానికి కూడా దారి లేదన్న విషయం ఆమెకు తట్టలేదు. భుజాలు బుడగల్లా ఉబ్బినవి. నడుము పీపా అయినది. పాదాలు నేలను విడిచినవి. నీటిలో నడవడానికి వచ్చిన మనిషి, అడుగు నేలకు ఆనక, గాలికి తిరిగే తలుపులా మెల్లగా అటు తిరిగి, మెల్లగా ఇటు తిరిగినది.

“అమ్మాయ్! నేల ఏదే?” అని కేక పెట్టినది.

వెనుక దిగినవారు కూడా ఒక్కొక్కరే ఉబ్బి తేలారు. ఆ కేకలకు మేనేజరుగారు బయటి తలుపు దగ్గరకు పరుగెత్తుకొచ్చి ఈల ఊదారు.

“ఏమైందమ్మా? ఎవరైనా మునిగారా?”

“లేదండీ! ఎవ్వరమూ మునగట్లేదు! అదే గొడవ!” అన్నది పిన్ని.

గట్టున కూర్చున్న జిరాక్సు అమ్మాయి పడిపడి నవ్వినది. నవ్వుతూనే, సంచులు వదిలేసి, తన కాలి సంగతి మరచి, జారుతూ నీటిలోకి దిగి, కొలనుకు అడ్డంగా కట్టిన తాడు ఒక చేత్తో అందుకొని, పిన్ని చెయ్యి పట్టుకొని గట్టుకు లాగసాగినది. నేల మీద ఆమెను అడుగడుగునా ఆపే కాలు నీటిలో ఏ పేచీ పెట్టలేదు. పిన్నిని గట్టుకు చేర్చి, మేనేజరుగారి భార్యకోసం వెళ్ళి, ఆ తరువాత నాకోసం వచ్చినది. అందరినీ తెచ్చిన తరువాత కూడా గట్టెక్కలేదు.

ఈత నేర్పే అమ్మాయి మాత్రం నవ్వలేదు. “ఈ గాలిని నమ్మకండి. లోపలికి నీళ్ళొస్తే ఒక్కసారిగా బరువెక్కుతుంది. రొమ్ములోతు దాటి వెళ్ళొద్దు, తాడు వదలొద్దు. రేపటికి దీనికి కంతలు పెట్టుకు రండి,” అని గట్టిగా చెప్పినది.

గుడ్డకు చిరగని కంతలు పెట్టడంలో గుండీల బాబాయిని మించినవారు లేరు.

“గొడుగు గుడ్డకి కాజాలెందుకే?” అన్నాడు ఆయన.

“గాలాడ్డానికి.”

“గుండీలో?”

“అవసరంలేదు. నువ్వు కుట్టు.”

ఇక్కడ ఒక ఆచారం పుట్టినది. కంతలు ఎక్కువైతే తేలడం తక్కువ. కనుక భయస్తులు రెండే కాజాలతో మొదలుపెట్టారు. ముఖం నీటిలో పెట్టగలిగిననాడు ఇంకొకటి, తాడు వదిలి కాళ్ళు ఆడించగలిగిననాడు మరొకటి. వంటింట్లో సైతం ‘నీకెన్ని?’ ‘నాకు ఆరు’ అని గుసగుసలు. చంకన నల్లదుస్తు పెట్టుకొని కొట్టుకు వచ్చి, “బాబాయ్, మోచేతి దగ్గర ఇంకొక్కటి!” అని అడగడం వీధిలో గొప్ప గౌరవచిహ్నమైనది. బాబాయికి సంగతి అర్థమయ్యేసరికి ఆయన ముందు మనుషులు వరుస కట్టి ఉన్నారు. జిరాక్సు అమ్మాయి దుస్తు త్వరలోనే జల్లెడలా తయారైనది. పిన్ని కూడా పాదాలు నేలకు ఆనేటన్ని పెట్టించుకొని, రోజూ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు, నీటిని తిట్టుకుంటూ నడిచినది. నేను పన్నెండు దగ్గర ఆగిపోయాను.

జూలై నెలాఖరు వచ్చినది. మూడున్నరకు మేనేజరుగారు తలుపు బయట నిలిచి ఈల ఊదారు.

“ఇక్కడ ఈత కొట్టేవాళ్ళు ఎవరున్నారమ్మా? మేడమీంచి చూస్తే గొడుగులు తేలుతున్నట్టుంది గానీ!”

“మేడమీంచి ఎవరు చూశారండీ?” అన్నది పిన్ని నీటిలోంచే.

“నేను కాదు… వాచ్‌మన్ చెప్పాడు.”

“వాచ్‌మన్ ఎందుకు చూశాడండీ?”

తలుపు అవతల ఈల ఒకసారి అనవసరంగా మోగినది. తరువాత గొంతు పెంచి, “అదంతా నాకు తెలీదు! ఈతకొలను ఈతకి. ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కరు ఈదినా సరే. లేకపోతే రేపట్నుంచి టీముకే!” అన్నారు.

“నేను చూసి చెప్తాను సార్,” అన్నది ఈత నేర్పే అమ్మాయి.

“నువ్వు వాళ్ళ మనిషివి. నాకు నమ్మకమైన మనిషి చూడాలి. నేను లోపలికి రాకూడదాయె.”

“మీకంత నమ్మకమైన ఆడమనిషి ఎవరుంటారండీ?” అని పిన్ని అమాయకంగా అడిగినది.

“మా ఆవిడ! అది అబద్ధమాడదు. రేపు తీసుకొస్తా!”

నీటిలో ఉన్నవాళ్ళందరమూ ఆ ఆవిడ వైపు తిరిగాము. మేనేజరుగారి భార్య ఒకసారి మా అందరినీ చూసి, గొంతు సవరించుకున్నది.

“రేపటిదాకా ఎందుకండీ? నేనిక్కడే ఉన్నాను.”

బయట ఏదో కిందపడిన చప్పుడు వినిపించినది. ఈల అయి ఉంటుంది.

“నువ్వా? ఎప్పట్నుంచి?”

“మీరు మధ్యాహ్నం కునుకు తీస్తారు చూడండి, అప్పట్నుంచి. ఉండండి, మాట్లాడించకండి. ఆ పిల్ల బయల్దేరుతోంది.”

జిరాక్సు అమ్మాయి గట్టును తన్ని బయలుదేరినది. చేతులు లోతుగా వేస్తూ, సగం దూరంలో ఒకసారి నీళ్ళు మింగి దగ్గి, ఆగినది. ఎవరూ సాయం వెళ్ళలేదు. వెళ్ళవద్దని ఆమె చెయ్యి ఊపినది. మళ్ళీ సాగి అవతలి గట్టు పట్టుకున్నది.

“చేరిందండీ!” అని మేనేజరుగారి భార్య అరిచినది.

“సరే… సరే. ఇంతకీ నీకూ ఈతొచ్చా?” అన్నారాయన చాలా నెమ్మదిగా.

“కొద్దిగా. మీకొచ్చా?”

స్త్రీల గంట మాకే దక్కినది.

ఆ సాయంత్రం కొట్టుకు వచ్చేసరికి బాబాయి కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకొని కాజా కుడుతున్నాడు. ఎదుట ఇద్దరు స్త్రీలు వేచి ఉన్నారు.

“ఇవాళ నెలాఖరయ్యా. కొట్టు మూసేద్దామన్నావుగా, తాళం తేనా?” అన్నది పిన్ని.

“ఉండవే. చూస్తున్నావుగా, మనుషులున్నారు.”

పిన్ని గజంబద్ద గోడకు ఆనించి, కమ్మీ పట్టుకొని, నిలబడి మెట్లెక్కడం మొదలుపెట్టినది. బాబాయి సూది వదిలేసి పరుగున వచ్చి కింద చేతులు చాచాడు. ఆమె సగంలో నిలిచి ఊపిరి తీసుకొన్నది. అది బయటపడకుండా, మెట్ల మీద దుమ్ము ఎవరూ తుడవలేదని ఆయనను నాలుగు తిట్టినది. పైకి వెళ్ళినది. వెంటనే, కూర్చోకుండా, ఒక్కొక్క మెట్టే నిలబడి దిగి వచ్చినది.

“పైన ఏం పనే?” అన్నాడు ఆయన, చేతులు ఇంకా చాచి ఉంచి.

“ఏం లేదు. దిగొద్దామని ఎక్కాను.”

ఆమె మోకాలు పూర్తిగా బాగుపడలేదు. వానలకు నొప్పి పెట్టేది. అయినా మరో తొమ్మిదేళ్ళు కొట్టు నడిపి, చూపు తగ్గిన తరువాత మిషనును బంధువుల అమ్మాయికి ఇచ్చినది. కాపురం ఇప్పటికీ పైననే. రోజూ కిందికి దిగి కొట్టు అరుగున కూర్చుంటుంది. గుండీల బాబాయి రెండేళ్ళ కిందట పోయాడు. ఈత నేర్పిన అమ్మాయి సరైన గుడ్డతో నిండుగా ఉండే ఈతదుస్తులు తెప్పించిన తరువాత గొడుగు గుడ్డ మూలపడినది. తరువాత ఆ అమ్మాయి వేరే ఊరికి వెళ్ళిపోయినది. ఆమె స్థానంలో ఇప్పుడు పిల్లలకు ఈత నేర్పుతున్నది జిరాక్సు అమ్మాయి. నడకలో ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా ఆమె దగ్గరకు వస్తారు. మేనేజరుగారు ఉద్యోగం విరమించారు; ఆయనకు ఈత రాలేదు. ఆయన భార్య వస్తూనే ఉన్నది. స్త్రీల గంట రెండు గంటలైనది.