ఆముదం పట్టించిన కారు

నేను చిన్నప్పుడే బడి మానేశాను. చదువు అబ్బక అని మావాళ్ళు అంటారు గాని, అసలు సంగతి వేరు. "వీడు బళ్ళో ఉంటే నేను ఉద్యోగం మానేస్తాను" అన్నాడట మేష్టారు. పిల్లాజెల్లా కలవాడు, నా మూలాన ఆయన పొట్ట కొట్టడమెందుకని నేనే మానుకున్నాను. చదువుకి నేను చేసిన సేవ అదొక్కటే.

అక్కణ్ణుంచి పంచదార మిల్లులో తేలాను. నా పని మరలకు నూనె పోయడం. చెరకు కోతల్లో ఆవిరి యంత్రం తిరగడం మొదలైతే ఇక రాత్రీ పగలూ ఆగేది కాదు. ఇంటికన్నా ఎత్తయిన చక్రం, చెరకు నమిలే ఇనప రోలర్లు, వాటిని తిప్పే తోలు పట్టాలు. పొడుగు మూతి నూనెడబ్బా పట్టుకుని వాటి సందుల్లోకి చెయ్యి పెట్టినప్పుడల్లా, ఆ చెయ్యి మళ్ళీ నా దగ్గరికి వస్తుందన్న నమ్మకం ఉండేది కాదు. ఒకసారి నా కళ్ళ ముందే ఒకాయన చొక్కా చెయ్యి పట్టాకు చిక్కుకుంది. పోయింది చొక్కా ఒక్కటే కాదు. మర మోతలో ఆయన అరుపు ఎవరికీ వినబడలేదు. నోరు తెరుచుకోవడం మాత్రం నేను చూశాను.

అప్పట్నుంచి నాకు మరంటే లోపల వణుకు. అది బయటపడకుండా ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉండేవాణ్ణి. నూనె పోస్తూ మరతోనే వేళాకోళాలాడేవాణ్ణి. "తల్లీ, నా చెయ్యి బక్కది, నీ పంటికిందికి కూడా రాదు" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. నేను మాత్రం నిజంగానే బతిమాలుకుంటున్నాను.

అలాంటివాణ్ణి సొంతంగా కారు ఎందుకు కట్టానంటే, మా ఆవిడ కోసం. మొదటి కాన్పుకి ఆవిడ సముద్రపొడ్డున సుయాక్ ఊరి దగ్గర పుట్టింటికి వెళ్ళింది. రైలు దిగాక రాళ్ళబాట మీద ఎద్దుబండి. ఇంటికి చేరిన మర్నాడే నొప్పులు వచ్చాయి, బిడ్డ నిలవలేదు. బండి కుదుపు వల్లే అన్నారు ఆడవాళ్ళు. కాదని చెప్పే తెలివి నాకు లేదు, నిజమేనని ఒప్పుకునే గుండే లేదు. ఆవిడ మళ్ళీ నెల తప్పిన రోజు నుంచీ ఆ బండి చక్రాల చప్పుడు నా చెవుల్లో తిరుగుతూనే ఉండేది.

పోర్ట్ లూయిస్‌లో ఒక దొర గుర్రపుశాల వెనక పాత కారొకటి తుప్పు పడుతూ ఉంటే, దాని ఇంజనూ చట్రమూ తెచ్చుకున్నాను. పైభాగం మిల్లులో పారేసిన చెక్కలతో నేనే కట్టాను. గుర్రబ్బగ్గీ స్ప్రింగుల మీద సీటు కూర్చి, కొబ్బరిపీచు దట్టించి, పైన మొగలాకు చాప కుట్టాను. ముందు నుంచి చూస్తే దొరగారు, వెనక నుంచి చూస్తే కోళ్ళగూడు. ఆ సీటు మీద కోడిగుడ్డు పెట్టి గతుకుల్లో నడిపి చూసేవాణ్ణి. మొదట్లో గుడ్లు పగిలేవి. పగలడం మానేదాకా స్ప్రింగులు మారుస్తూనే ఉన్నాను.

నెలలు నిండుతున్నాయనగా కూతుర్ని తీసుకెళ్ళడానికి మా అత్త కొండ మీది మా ఊరికి వచ్చింది. ఆవిడ నాకు స్వయానా మేనత్త. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"ఏటిరా ఇది? కారా, కోళ్ళగూడా?"

"గూడే అత్తా. పెట్టని తీసుకెళ్ళడానికి పెద్ద కోడి వచ్చిందిగా, ఎక్కు."

"నీ నోరు పడిపోను" అంది నవ్వుతూ.

మా అత్త ఉండే చెరకు కూలీల కాంపు పక్కన కూడా మిల్లుంది. ఏటా కోతలు మొదలయ్యే రోజున కాంపు ఆడవాళ్ళు వెళ్ళి రోలర్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఆముదం పట్టించి, కొబ్బరికాయ కొట్టాకే మర తిరగాలి. పెద్ద ముత్తైదువ గనక ఆముదం గిన్నె ఎప్పుడూ మా అత్త చేతిలోనే ఉండేది. మర ఆ ఏడు ఎవరి మీదా కన్ను వెయ్యకూడదని మొక్కు.

బయల్దేరే రోజు పొద్దున్నే ఇంజనుకి నీళ్ళు తేవడానికి ఏటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కారు పెళ్ళికూతురై ఉంది. మూతి మీద బొట్లు, వేపరొబ్బ, చక్రాల కింద నిమ్మకాయలు, చక్రం ఆకుల నిండా పసుపు. పక్కనే మా అత్త కూతురి తలకు ఆముదం మర్దిస్తోంది.

"కారుకి కూడా తలంటావా అత్తా?"

"కొత్త మరకి సెయ్యరేటి? నీకు తెల్దు, నువ్వూరుకో."

పసుపు చూసి నవ్వుకున్నాను. చక్రాల వెనక్కి వంగి చూడలేదు. కారూ మా ఆవిడా ఒకే వాసన వేస్తున్నారు.

పైన బాటంతా చదును. సన్నటి వాన. చెరకు బళ్ళు ఎదురొస్తుంటే పక్కకి తప్పుకుంటూ, గతుకు కనబడితే చుట్టుతిరుగుతూ, దారిపొడుగునా వాగుతూ నడిపాను. దూరాన రైలు కూత వేస్తే, "మా కోళ్ళగూడుకి దారి ఇమ్మంటోంది" అన్నాను. మా ఆవిడ వెనక సీట్లో తల్లి భుజం మీద వాలి నవ్వింది. ఒకచోట బ్రేకు తొక్కితే బద్ధకంగా పట్టింది. వానకి తడిసిందనుకున్నాను.

తర్వాత దిగుడు మొదలైంది. కింద సముద్రం కనబడింది. దానికి ఇవతల బాట ఒక్కసారిగా ఒంపు తిరిగి లోయ మీది ఇరుకు రాతి వంతెన ఎక్కుతుంది. వంతెన మీద చెరకు బండి ఒకటి మెల్లగా వస్తోంది. ముందుగానే బ్రేకు తొక్కాను. కారు తగ్గలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. నా కాలు పలకకి ఆనింది గాని కారు వేగం ఇంకా పెరిగింది. చేతి బ్రేకు లాగాను. అదీ ఆ వెనక చక్రాల పట్టీలనే బిగించేది. ఏమీ కాలేదు. గేరు తగ్గిద్దామని చూస్తే గరగరమని అరిచి ఊడి వచ్చేసింది, మళ్ళీ లోపలికి పోలేదు. ఇక ఆ కారుని పట్టి ఉంచేది ఏదీ లేదు.

ఆముదం మాడిన వాసన వచ్చింది. మా ఆవిడ తలదే అనుకున్నాను.

"అబ్బ, ఏటి పోతందిరా కారు! దీని ముందు రైలేటి పనికొత్తాది!" అంటోంది మా అత్త వెనక నుంచి.

నా నోట మాట లేదు. మిల్లులో తెరుచుకున్న ఆ నోరే నా కళ్ళకు కడుతోంది. బాటకి రెండు పక్కలా నిలువెత్తు చెరకు. అందులోకి తిప్పేస్తే ఆగుతుంది, కానీ మా దీవి చెరకు తోటల్లో పొలం నుంచి ఏరిన నల్లరాళ్ళని గుట్టలు పోస్తారు. చెరకు ఎదిగితే ఆ గుట్టలు కనబడవు. రాతిగుట్టకి కొడితే నా వెనక కూర్చున్న కడుపు ఏమవుతుంది? తిప్పకపోతే లోయ. బళ్ళు లోపలికి వెళ్ళే దారి ఎక్కడో ఒకచోట ఉండాలి. అక్కడ రాళ్ళు పొయ్యరు. ఆకుల గోడలో సందు కోసం వెతుకుతూ వంతెన మీదికి పోతున్నాను. బండివాడు ఎడ్ల ముందుకి వచ్చి చేతులెత్తి ఊపుతున్నాడు.

ఒకచోట చెరకు కొంచెం పలచగా కనబడింది. అదే దారో కాదో తెలీదు. తిప్పేశాను.

ఆకులు మొహాన కొట్టాయి. గడలు ఫెళఫెళమని విరిగాయి. కారు చెరకుని మేస్తూ, మేస్తూ, నెమ్మదించి ఆగింది. పక్కకి చూస్తే నా చక్రానికి దగ్గర్లోనే నల్లరాళ్ళ గుట్ట.

ఇంజను బుస కొడుతోంది. వెనక్కి తిరిగాను. మా ఆవిడ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. దెబ్బేమీ కనబడలేదు.

"బిడ్డ కదల్నేదు బావా" అంది చిన్నగా.

నేను దిగి మట్టిలో కూర్చుండిపోయాను. అంతదాకా వచ్చిన భయం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. మా అత్త మాత్రం విరిగిన గడ ఒకటి తీసి పంటితో చెక్కు తీసింది, ముక్క విరిచి కూతురి నోట్లో పెట్టింది.

"నమలే. తీపి తగిల్తే ఊరుకుంటాదేటి."

మా ఆవిడ నమిలింది. రసం మింగింది. ఇంకో ముక్క. ఆకుల మీద వాన చప్పుడు. నేను ఆ కడుపు వైపే చూస్తున్నాను, చూస్తే కదులుతుందన్నట్టు. మళ్ళీ ఇంకో ముక్క. ఆవిడ నమలడం ఆపింది. కళ్ళు తెరిచింది.

"అదుగో" అంది. నా చెయ్యి లాగి అక్కడ పెట్టుకుంది. లోపలి నుంచి ఒక తాపు తగిలింది. నేను ఏడ్చానని మా అత్త అంటుంది. వాన పడుతోంది, రుజువు లేదు.

కాస్త తేరుకున్నాక చక్రం కింద దూరి చూశాను. బ్రేకు పట్టీ నుంచి పచ్చగా, జిడ్డుగా ఆముదం కారుతోంది.

"అత్తా! ఇక్కడ కూడా రాశావా?"

"అక్కడే ఎక్కువ పోసాన్రా. సెక్రాన్ని పట్టుకుని ఒరుసుకుంటంది గదా, పాపం అని."

"నూనె పోసి బతికినవాణ్ణి, నూనెతోనే చంపేదానివి!"

"సచ్చావేటి? ఆముదం రాయబట్టే బతికున్నావు."

నేను చేతికంటిన ఆముదం చెరకాకుకి తుడుచుకున్నాను.

మిగిలిన దారి ఏ బండి మీద వెళ్ళామో చెబితే మీరు నవ్వుతారు. వంతెన మీది బండివాడే చెరకు దించేసి, ఎడ్లను తిప్పి, మమ్మల్ని ఎక్కించుకున్నాడు. నేను ఎక్కలేదు. ముందు నడుస్తూ, బాటలో రాయి కనబడితే తీసి పక్కన పారేస్తూ, "దూస్మా, దూస్మా" అని బండివాణ్ణి నెమ్మదిగా తోలమని వేడుకుంటూ పోయాను. బండి చక్రాల చప్పుడు వెనక నుంచి వస్తూనే ఉంది. ఆ రాత్రీ, మర్నాడూ మా అత్తగారి గుమ్మంలోనే కూర్చున్నాను. ఏ మూలుగు వినబడినా లేచి నిలబడేవాణ్ణి. నొప్పులు రాలేదు. రావలసిన వేళకే వచ్చాయి. ఆడపిల్ల. మిల్లు కూతకన్నా గట్టిగా ఏడ్చింది.

పురిటి స్నానం నాడు చుట్టాలంతా వాకిట్లో చేరారు. నాకు నోరు తిరిగొచ్చింది. చెరకులోకి కారు ఎలా తిప్పానో చేతులు ఊపుతూ చెప్పాను.

"మా ఆవిడకి మాత్రం చెరకులో పడేదాకా ఏమీ తెలీదు. భయపడుతుందని బ్రేకు పోయిన సంగతి బయట పెట్టలేదు" అన్నాను.

లోపల మంచం మీద నుంచి, పిల్లకి పాలిస్తూనే, ఆవిడ అంది:

"తెలీకేటి? నిద్దట్లో కూడా వాగీ మనిషివి, ఆ దిగుడంతా నోరెత్తనేదు. బ్రేకులు పోనాయని ఇంకెవలు సెప్పాల బావా నాకు?"