సి.ఐ. గారిని మా సందులో నడిపించాను

రెండు వేల సంవత్సరం ప్రాంతంలో, మంగళగిరిలో మగ్గం నేసుకునే నన్ను పోలీస్ స్టేషన్ సలహా సంఘంలో వేశారు. తొలి మీటింగులో పెద్దలంతా ఊరు ప్రశాంతంగా ఉందన్నారు. నేను లేచాను.

"బ్రాందీ షాపు సందులో తాగుబోతుల అల్లరికి మా ఆడపిల్లలు కుట్టు క్లాసు మానేశారండీ."

"ఈవిడన్నీ ఎక్కువ చేసి చెబుతుందండీ," అని ఒకాయన కసిరాడు.

నాకు రోషం వచ్చింది. "సాయంత్రం మామూలు బట్టల్లో నా వెనక నడిచి చూడండి సార్," అన్నాను సి.ఐ. గారితో.

ఆయన నిజంగానే లుంగీ కట్టుకుని వచ్చారు. సందు మధ్యలో ఒకడు నా కొంగు పట్టుకున్నాడు. మరుక్షణం సి.ఐ. గారి చెయ్యి వాడి మెడ మీద పడింది.

"మీరు చెప్పిందే నిజమమ్మా," అన్నారాయన సందులో అందరూ వినేలా.

సి.ఐ. గారు పట్టుబట్టడంతో ఆ నెలలోనే షాపు ఊరి బయటికి పోయింది. పిల్లలు మళ్ళీ క్లాసుకు వచ్చారు. ఆ రోజు నోరు విప్పినందుకు నాకిప్పటికీ గర్వమే.