కత్తిపీటకు పుట్టిన దురద

మాది నందిగామ. జగ్గయ్యపేటలో మా అమ్మ చేసే కంద బచ్చలి కూర నేనూ వండి తీరాలని పట్టు. పోయినేడు వండితే అందరి గొంతులూ దురదపెట్టి, కూరంతా పారబోశాం. "ఇంక మనింట్లో కంద వద్దు" అన్నారు మావారు. మొన్న ఆదివారం మళ్లీ కొన్నాను.

చేతులకు నూనె రాసుకుని ముక్కలు తరిగాను. వాటిని కడుగుతానని ముచ్చటపడిన మా ఎనిమిదేళ్ల చిన్నికి నూనె రాయడం మరిచిపోయాను. కాసేపటికే "అమ్మా, దురద!" అని కేక. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. గబగబా చింతపండు గుజ్జు రుద్దాను. నాకు ఏడుపొచ్చి, ముక్కలన్నీ పారేయబోయాను.

చిన్ని అడ్డం నిలబడింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? చేతులు నావి కదా, నువ్వు వండు!" వాళ్ల అమ్మమ్మ నోట విన్న సామెత అది.

చింతపండు పులుసులో ముక్కలు మెత్తగా ఉడికించి, బచ్చలి వేసి, ఆవ కలిపాను. నేను రుచి చూసేలోపే మొదటి ముద్ద తనే నోట్లో పెట్టుకుంది. గరిటె పక్కన పెట్టి తన వైపు వంగాను.

"దురదగా ఉందా?"

"లేదు. ఉప్పే తగ్గింది."

మావారు మారు వడ్డించుకున్నారు. మా ఇంట్లో పట్టుదల నాదే అనుకునేదాన్ని. ఆ రోజు నేను వట్టి కత్తిపీటని.